ఊబివాగు కబురు

మా సార్వా ఏటికి తల్లులు ఇద్దరు. పడమట, చెట్టన్నది మొలవని బోడి కొండల మీంచి దూకుతూ వచ్చేది కొండవాగు. తూర్పున, కాలు పెడితే మోకాలి దాకా దిగబడే నేలల్లోంచి బద్ధకంగా ఊరుతూ వచ్చేది ఊబివాగు. కొండవాగు నీళ్ళు తేట. ఊబివాగు నీళ్ళు కాఫీ డికాషన్ రంగు. మా ఊరికి ఎగువన రెండూ కలుస్తాయి. కలిశాయన్న మాటే గాని చాలా దూరం ఎడమొహం పెడమొహంగానే పోతాయి. పడమటి గట్టు వారగా తేట నీరు, మేముండే తూర్పు గట్టు వారగా గోధుమరంగు నీరు. ఆ తరువాత మా రేవు, రేవు కింద పెద్ద వంపు, వంపులో ఇసుక మేట, ఇంకా పోతే ఎక్కడో ఉత్తరాన సముద్రం. ఏరు పట్టుకుపోయిన దేన్నైనా ఆ ఇసుక మేట దగ్గర కక్కుతుంది. దుంగలు, విరిగిన పడవలు, అన్నీ అక్కడే తేలతాయి. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో మా ఆయన హెయికా నన్ను పడవలో తీసుకెళ్ళి మరీ ఆ మేట చూపించాడు.

చలికాలమంతా గడ్డకట్టిన ఏరే మాకు రోడ్డు. వసంతంలో ఆ మంచు కదిలే రోజు మాత్రం ప్రాణగండం. అందుకని మాకో కట్టుబాటు ఉంది. ఎవరి ఇంటి ముందు మంచు కదిలితే వాళ్ళు వెంటనే దిగువ ఇంటికి ఫోన్ చెయ్యాలి. ముందు ఇంటి పేరు చెప్పాలి, తరువాత ఒక్కటే మాట: "మాది వెళ్ళిపోయింది." కుశల ప్రశ్నలు లేవు. ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళయినా, కోర్టుకెక్కిన వాళ్ళయినా, ఆ ఫోన్ మాత్రం చెయ్యాల్సిందే. చివరి ఫోన్ మా ఇంటికి వస్తుంది. మా ఇల్లు రేవు పైన మెట్ట మీద ఉంటుంది. ఫోన్ రాగానే మా మామగారు ఇస్సాత్ తుపాకీ తీసుకుని వాకిట్లోకి వచ్చి ఆకాశంలోకి రెండుసార్లు పేలుస్తాడు. ఆ చప్పుడు వింటే ఏటి మీద ఉన్నవాడు చేతిలో ఏముంటే అది పారేసి గట్టుకు పరుగెత్తాలి.

ఊబివాగు మీద ఉన్నది ఒక్కటే ఇల్లు. ఓల్లా బాబాయిది. భార్య పోయాక ఒంటరిగా ఉండేవాడు, మాట తక్కువ మనిషి. కొండవాగు నిటారుగా దిగుతుంది, మంచు పలచన, ఎప్పుడూ ముందు పగిలేది అదే. ఊబి నేల కరిగిన నీళ్ళన్నీ తాగి దాచుకుంటుంది కాబట్టి ఊబివాగు ఎప్పుడూ ఆలస్యం. పాపం ఓల్లా బాబాయి కట్టుబాటు ప్రకారం ఫోన్ చేసేసరికి మా రేవులో పడవలు తిరుగుతూ ఉండేవి. ఊరికదొక వేడుక అయిపోయింది. కొట్టు నడిపే మిక్కల్ అయితే ఆయన గుమ్మంలో కనబడితే చాలు మొదలుపెట్టేవాడు.

"ఏంటి ఓల్లా మామా, పోయినేడు మంచు వెళ్ళిపోయిందటగా, తెలిసిందా?"

ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. కాఫీ పొడి, పొగాకు తీసుకుని వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో ఎవరైనా ఫోన్ ఎత్తి "ఊబి ఇంటి నుంచి" అని వినబడగానే పెట్టేసేవారు. ఎవరని అడిగితే "ముసలాడే" అనేవారు. మా మామగారూ అంతే. ఆయనకీ ఓల్లా బాబాయికీ వయసులో ఆర్నెల్లు కూడా తేడా లేదు. అయినా ఆయన కూడా "ముసలాడే" అనేవాడు.

ఇలా ఉండగా ఒక కలప కంపెనీ వచ్చింది. ఊబి నేలకు అడ్డంగా, నిలువుగా కాలవలు తవ్వి, నీళ్ళు దించేసి, పైన్ మొక్కలు వేస్తామన్నారు. బదులుగా ఊరికి లారీ రోడ్డు వేస్తామన్నారు. రెయిన్‌డీర్ జింకల మందల సంఘానికి పెద్ద మా మామగారు. సంతకం ఆయనదే. రోడ్డు వచ్చింది. మా వంటింట్లో గ్యాసు పొయ్యి కూడా ఆ రోడ్డు మీదే వచ్చింది, నేనెందుకు కాదంటాను.

ఆ చలికాలం చివర కొట్లో అందరూ ఉండగా ఓల్లా బాబాయి నోరు విప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడగా నేను చూడటం అదే మొదలు.

"ఇస్సాత్, ఆ ఊబి నీళ్ళు పట్టి ఉంచే చోటు. నిలువునా కోసి వదిలారు. ఈసారి కరిగింది కరిగినట్టు వచ్చిపడుతుంది. కొండవాగు కంటే ముందు నాదే కదులుతుంది. మందల్ని దాటించేటప్పుడు నా ఫోన్ కోసం చూడు."

"నీ వాగు ముందా?" అన్నాడు మా మామగారు. "నీ వాగు అచ్చం నీలాగేరా. అందరూ తిని చెయ్యి కడుక్కున్నాక వస్తుంది."

మిక్కల్ బల్ల మీద చరుస్తూ నవ్వాడు. హెయికా నవ్వలేదు. ఇంటికొచ్చాక నెమ్మదిగా అన్నాడు: "నాన్నా, ఆయన చెప్పింది నిజమేనేమో. కాలవలు నేను చూశాను. నీళ్ళు ఆగే దారే లేదు."

"అంటే? మీ నాన్న బుర్ర లేక సంతకం పెట్టాడనా?"

"నేనలా అన్నానా?"

"అనకపోతే మరి నోరు మూసుకుని తిను."

తిన్నాం. ఎండు మాంసం పులుసు.

మే నెల మొదట్లో చూడి జింకల్ని పడమటి గట్టుకు దాటించాలి. అవి ఈనేది ఆ కొండ వాలుల్లోనే. ఇటు గట్టున ఈనితే పిల్లలకు గాలికి అడ్డూ ఉండదు, తల్లులకు మేతా ఉండదు. తోడేళ్ళకు మాత్రం పండగ. ఆ ఏడు చలి వదలక ఆలస్యమైంది, ఆ వెంటనే వాన పట్టుకుంది. కొండల మీద పడితే మంచులా పడేది, ఊబి మీద మాత్రం వెచ్చటి వాన. పొద్దున్నే కొండవాగు ఇళ్ళ వాళ్ళు ఫోన్ చేసి "మాది రాయిలా ఉంది, నిశ్చింతగా దాటించుకోండి" అన్నారు. హెయికా బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "నాన్నా, ఫోన్ దగ్గరే ఉండు."

"నేనెక్కడికి పోతానురా? పెళ్ళికెళ్తానా?"

"ఎవరు చేసినా ఎత్తు."

మా మామగారు తుపాకీ తుడుచుకుంటున్నాడు.

రేవులో దిగాక నేను అన్నాను: "నాకీ వాన నచ్చలేదు హెయికా."

"నచ్చకపోతే మబ్బుకు చెప్పు, నాకెందుకు చెప్తావు." ఎప్పుడూ ఇంతే, నా భయం వాడికి వేళాకోళం. "చూడవే రవ్నా, ఆ పొట్టలు చూడు. ఇవాళ దాటకపోతే ఈ రేవులోనే ఈనేస్తాయి. అప్పుడు మంత్రసానివి నువ్వే."

మంద ముందు నడిచేది గంట జింక. దాని పలుపు చేత్తో పట్టుకుని ఒక మనిషి దారి తీస్తే మిగతావి వరసగా దాని వెనక నడుస్తాయి. రెండో చేతిలో గడకర్ర ఉంటుంది, అడుగడుగునా మంచు పొడిచి చూడటానికి. ఆ రోజు మంచు పైన వాన నీళ్ళు నిలిచి జారుతున్నాయి. రెండు చేతులా గడ పట్టుకోవాల్సి వచ్చింది. హెయికా పలుపును నడుముకు చుట్టి ముడి వేశాడు. మావాళ్ళందరూ అలా కట్టుకుంటూనే ఉంటారు. ప్రమాదమైతే ముడి విప్పుకునేంత టైము ఉంటుందని మా ధీమా. ఎందుకుంటుందంటే, తుపాకీ చప్పుడు ముందే వినిపిస్తుంది కాబట్టి. ఓల్లా బాబాయి ఇంటి దగ్గర కదిలిన నీళ్ళు మా రేవుకు చేరేలోపు రెండు కెటిళ్ళ కాఫీ కాచుకుని తాగొచ్చు.

గంట మోగుతూ పోయింది. ఒకదాని వెనక ఒకటి అడుగులు వేస్తూ మంద ఏటి మీదికి దిగింది. నేను కుక్కతో పాటు వెనక ఉండి, మొరాయించే వాటిని అదిలిస్తున్నాను. హెయికా నడి ఏరు దాటాడు. తెల్లటి మంచు మీద వాడి నీలం కోటు కనబడుతోంది. అప్పుడు నా కాళ్ళ కింద గట్టు వారన, మంచుకూ నేలకూ మధ్య ఉన్న సందులోంచి నీళ్ళు ఉబికాయి. ఉబికితే ఉబికాయి, వాన కదా అనుకోబోయాను. కానీ అవి డికాషన్ రంగులో ఉన్నాయి.

ఊబి నీళ్ళు. కొండ నీళ్ళ కంటే ముందు ఊబి నీళ్ళు. మెట్ట మీదికి చూశాను. మా ఇంటి పొగగొట్టంలోంచి పొగ నింపాదిగా వస్తోంది. వాకిట్లో ఎవరూ లేరు.

"హెయికా! ముడి విప్పు! ముడి విప్పి పరిగెత్తు!"

వానలో నా గొంతు ఎంత దూరం పోతుంది? వాడు వెనక్కి తిరిగాడు. నేను చేతులు ఊపుతుంటే, చివరి జింకలు దిగాయని చెబుతున్నాననుకున్నాడు కాబోలు, తనూ చెయ్యి ఊపాడు. అంతలో ఏరు మూలిగింది. మంచు మొత్తం ఒక్కసారి పైకి లేచి, నిలువునా చీలింది. నా ముందున్న జింకలు వెనక్కి తిరిగి నా మీదుగా గట్టు ఎక్కాయి. నడి ఏట్లో ఉన్నవి పోయాయి. హెయికా పడమటి గట్టుకే దగ్గర. పది అంగలు వేస్తే చేరేవాడు. పరిగెత్తాడు కూడా. గంట జింక మాత్రం కాలు జారి చీలికలో పడింది. పలుపు బిగిసింది. వాడు రెండు చేతులతో నడుము దగ్గర తడుముకోవడం నేను చూశాను. తడిసిన ముడి. తరువాత ఒక పెద్ద గడ్డ పక్కకు ఒరిగింది, అది మళ్ళీ చదునుగా తేలేసరికి దాని మీద ఎవరూ లేరు.

ఎంతసేపు అరిచానో నాకు తెలియదు. మా మామగారు మెట్ట దిగి పరిగెత్తుకొచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

"ఫోన్ రాలేదే," అన్నాడు. "ఫోన్ రాలేదు రవ్నా. నేను అక్కడే కూచున్నాను. ఆ ముసలాడు ఫోన్ చెయ్యలేదు."

సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఊబివాగు ముందు కదిలింది, ఓల్లా ఫోన్ చెయ్యలేదు. కొట్లో నవ్వినందుకు కక్ష కట్టాడు. నేనూ నమ్మాను. నమ్మడమేంటి, వాడి నోట్లో మన్ను పడ అని శాపనార్థాలు పెట్టాను. మా జ్ఞాపకంలో ఆ కట్టుబాటు తప్పిన మనిషి లేడు. మిక్కల్ ఆయనకు కాఫీ పొడి అమ్మడం మానేశాడు. చర్చిలో ఆయన కూర్చున్న బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఓల్లా బాబాయి ఒక్కసారీ నోరు విప్పలేదు. చెయ్యలేదని ఒప్పుకోలేదు, చేశానని వాదించలేదు. ఆ మౌనమే నాకు ఒళ్ళు మండించేది.

ఏరు పూర్తిగా తెరుచుకున్నాక రోజూ ఒక పడవ మా రేవు ముందు నుంచి ఇసుక మేట వైపు పోయేది, సాయంత్రం తిరిగొచ్చేది. అది ఓల్లా బాబాయి పడవ. చేపలకేమోలే అనుకున్నాను. మా వాళ్ళు వెతికి వెతికి ఆపేశాక కూడా ఆ పడవ ఆగలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆ పడవ తిన్నగా మా రేవుకు వచ్చి ఆగింది. నేను బట్టలు ఉతుకుతున్నాను. ఆయన కోటు లేకుండా ఉన్నాడు. కోటు పడవలో ఉన్నదాని మీద కప్పి ఉంది. కోటు కింద నుంచి పలుపు కొస వేలాడుతోంది.

"మేట దగ్గర దొరికాడు తల్లీ," అన్నాడు. "మొహం చూడకు. నీ హెయికానే. బెల్టు చూసి పోల్చాను."

నేను ఏడవలేదు. నాలో ఉన్నదంతా కోపమే. "ఎందుకు చెయ్యలేదు?" అన్నాను. "ఒక్క ఫోన్ బాబాయ్. ఒక్క మాట. మేం నిన్ను వెక్కిరించామనే కదా? దానికి వాణ్ణి చంపుతావా?"

ఆయన నా వైపు చూడలేదు. నీళ్ళలోకి చూస్తూ అన్నాడు: "చేశాను."

"ఏం చేశావు?"

"ఫోన్. 'ఊబి ఇంటి నుంచి' అన్నాను. పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. తరువాత మంచు స్కూటర్ మీద బయలుదేరాను గాని, వాగుకు అడ్డంగా కాలవలు. దాటలేకపోయాను."

"మరి ఇన్నాళ్ళూ నోరు పడిపోయిందా నీకు?"

"కొడుకు పోయినవాడి మీద ఏం చెప్పమంటావు తల్లీ?"

అప్పటికే మా మామగారు మెట్ట దిగి వచ్చాడు. పడవలో ఏముందో ఆయనకూ తెలిసింది. కోటు ఎత్తడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మామయ్యా, ఫోన్ మోగిందా?"

ఆయన పడవ అంచు పట్టుకున్నాడు.

"నీ కొడుకు ఇక్కడే ఉన్నాడు. వాడి ముందు చెప్పు. మోగిందా, లేదా?"

"మోగింది," అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "ముసలాడే కదా అనుకున్నా."

ఆ మాటకు నా చేతిలో తడిబట్ట జారి నీళ్ళలో పడిపోయింది. ఆయన్ని కొట్టాలనిపించింది. తొయ్యాలనిపించింది, ఆ ఏట్లోకే. కానీ పడవలో వాడు ఉన్నాడు, ఎండ పెరుగుతోంది. "కాళ్ళ వైపు పట్టు," అన్నాను. ఓల్లా బాబాయి తల వైపు పట్టాడు, మా మామగారు కాళ్ళ వైపు. నేను పలుపు కొస నేలకు రాసుకోకుండా చేతికి చుట్టుకుని పక్కన నడిచాను.

సమాధి దగ్గర ఊరందరి ముందూ నేనే జరిగింది చెప్పాను. మిక్కల్ తలొంచుకుని, మర్నాడు ఓల్లా బాబాయికి కాఫీ పొడి పట్టుకెళ్ళి గుమ్మం ముందు పెట్టి వచ్చాడట. ఇక మీదట ఊబివాగు ఫోన్‌కే ముందు చెవి ఒగ్గాలని సంఘంలో తీర్మానం చేశారు. అంతా బాగానే ఉంది.

బాగులేనిది మా ఇంట్లో. అక్టోబరులో ఏరు మళ్ళీ గడ్డకట్టింది. ఒకరోజు ఫోన్ మోగింది. మా అక్క, పుట్టినరోజుకు రమ్మనడానికి. నేను ఎత్తేలోపే మా మామగారు లేచి, తుపాకీ అందుకుని, వాకిట్లోకి వెళ్ళి రెండుసార్లు పేల్చాడు. ఏటి మీద ఉన్నవాళ్ళందరూ వలలు పారేసి, పడుతూ లేస్తూ గట్టెక్కారు. మంచు జానెడు మందాన ఉంది. అప్పటి నుంచి ఫోన్ మోగితే చాలు, ఎత్తడు, ఎవరో అడగడు, బయటికెళ్ళి పేలుస్తాడు. తుపాకీ దాచాను. ఫోన్ మోగింది. ఇల్లంతా వెతుక్కుంటూ, మంచాల కింద దూరి, "వాడు ఏటి మీద ఉన్నాడే, ఇవ్వవే" అని నా కాళ్ళు పట్టుకున్నాడు. ఎలా చూడను? ఇచ్చేశాను. ఫోనే తీసేయిద్దామంటే ఊరికి చివరి ఫోన్ మాదే.

మొదట్లో జనం పరిగెత్తేవారు. తరువాత తలెత్తి మెట్ట వైపు చూసేవారు. జనవరికల్లా తలెత్తడమూ మానేశారు. తుపాకీ కాకుండా వేరే గుర్తేదైనా పెట్టుకుందామని సంఘంలో నేను మొత్తుకున్నాను. ఎర్ర గుడ్డ ఎగరేద్దామన్నాను. "చూద్దాం వదినా" అన్నారు. చూడలేదు.

ఏప్రిల్ చివర, ఎండ కాస్తున్న రోజు. ఫోన్ మోగింది. మా మామగారు మామూలుగానే తుపాకీతో బయటికి నడిచాడు. నేను చేతికంటిన పిండి దులుపుకుని ఎత్తాను.

"ఊబి ఇంటి నుంచి. మాది వెళ్ళిపోయింది. తల్లీ, పోయినేటికంటే ఉరవడిగా ఉంది."

బయట రెండు పేలుళ్ళు వినబడ్డాయి. కిటికీలోంచి చూశాను. నడి ఏట్లో, మంచుకు తొలిచిన కన్నం దగ్గర పీట వేసుకుని, గాలం పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. తుపాకీ చప్పుడుకు వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు, సరేలే అన్నట్టు. మిక్కల్.

ఎలా దిగానో ఆ మెట్ట. బూట్లు కూడా లేవు, ఇంట్లో వేసుకునే మేజోళ్ళతోనే మంచు మీద పడ్డాను. గట్టు వారన అప్పుడే డికాషన్ రంగు. కేకలు వేశాను. వాడు నవ్వుతూ తల తిప్పాడు. "ఏంటొదినా, మీ మామకి మళ్ళీ ఫోనొచ్చిందా?" నేను కోటు మెడ పట్టుకుని లాగాను. నా మొహం చూసి వాడి నవ్వు పోయింది. పీట వదిలాడు, గాలం వదిలాడు. ఇద్దరం పరిగెత్తాం. కాళ్ళ కింద మూలుగు నాకు తెలుసు, నేను విన్నదే. చివరి అంగ నీళ్ళలోనే వేశాం. గట్టు ఎక్కి వెనక్కి తిరిగేసరికి మంచు లేస్తోంది.

మిక్కల్ నేల మీద పడి రొప్పుతున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"విన్నాను వదినా," అన్నాడు. "విన్నాను గాని... ముసలాడే కదా అనుకున్నా."

వాడి మీద పడి రెండు చేతులా కొట్టాను. గుండెల మీద, భుజాల మీద, ఎక్కడ తగిలితే అక్కడ. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టి కొట్టి, వాడి కోటు పట్టుకుని, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చాను. మెట్ట మీద మా మామగారు తుపాకీలో మళ్ళీ తూటాలు వేసుకుని, ఇంకా పేలుస్తూనే ఉన్నాడు.